తరగతి గదిలో నిర్మాణాత్మక మూల్యాంకనానికి ఆన్‌లైన్ వనరులు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఉపాధ్యాయులకు సమగ్ర మార్గదర్శి

పాఠం నడుస్తుండగానే పిల్లలకు ఎంతవరకు అర్థమైందో తెలుసుకొని, దానినిబట్టి మిగతా బోధనను మార్చుకోవడమే నిర్మాణాత్మక మూల్యాంకనం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని కోరింది. మన రాష్ట్రంలో అది ఏడాదికి నాలుగు ఎఫ్.ఎ.లు (నిర్మాణాత్మక మూల్యాంకనాలు), రెండు ఎస్.ఎ.ల (సంగ్రహణాత్మక మూల్యాంకనాల) రూపం తీసుకుంది. ఎక్కువ మందికి అలవాటైన నమూనాలో ఒక్కో ఎఫ్.ఎ.కు 50 మార్కులు ఉండేవి: పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలకు 10, రాతపనులకు 10, ప్రాజెక్టు పనులకు 10, లఘు పరీక్షకు 20. ఆ విభజన వెనక ఉన్న ఆలోచన చాలా మంచిది. ఆచరణలో మాత్రం చాలా చోట్ల లఘు పరీక్ష ఒక్కటే మిగిలింది, తక్కిన మూడూ రిజిస్టరులో అంకెలుగా మారాయి. ఆ అంకెలు నమోదయ్యే సమయానికి తరగతి వేరే పాఠంలోకి వెళ్లిపోతుంది కనుక, అర్థంకాని పిల్లవాడికి వాటివల్ల ఒరిగేది ఏమీ ఉండదు.

ఆన్‌లైన్‌లో ఈ పనికి పనికొచ్చే వనరులు ఎన్నో ఉన్నాయి. ఏ వనరు మంచిది అన్న ప్రశ్నకు నేను ఒకే కొలబద్ద పెట్టుకుంటాను: దాన్ని వాడినందువల్ల మరుసటి పీరియడ్‌లో నా బోధనలో ఏదైనా మారుతుందా? మారకపోతే అది ఎంత అందంగా ఉన్నా మనకు అక్కరలేదు. ఈ మార్గదర్శిలోని అడుగులన్నీ ఆ ప్రశ్న చుట్టూనే నడుస్తాయి.

ముందుగా చూసుకోవలసినవి

పిల్లలందరి చేతుల్లో పరికరాలు ఉండాలన్న నియమం ఏమీ లేదు. ఉపాధ్యాయుడి ఫోను ఒకటి, పిల్లల పలకలు, కొన్ని అచ్చు కాగితాలు ఉంటే ఇక్కడ చెప్పబోయే పనుల్లో చాలా భాగం జరిగిపోతుంది. ఉన్నత పాఠశాలలో ఐ.ఎఫ్.పి. ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద తెర), ప్రాథమిక పాఠశాలలో స్మార్ట్ టీవీ ఉంటే మరీ మంచిది. మెళియాపుట్టి, మందస మండలాల కొండవార గ్రామాల్లో పనిచేసేవారు సిగ్నల్‌ను నమ్ముకొని పాఠం వేసుకోకూడదు. మండల కేంద్రంలోనో, ఇంటి దగ్గరో నెట్ బాగా ఉన్నప్పుడే కావలసినవన్నీ ఫోనులోకి దించుకోవాలి. ప్రభుత్వ విద్యా వేదిక అయిన దీక్ష యాప్‌లోని పాఠ్యాంశాలను ఒకసారి దించుకుంటే తర్వాత నెట్ లేకుండానే తెరవవచ్చు. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లను (తెర మీద జరిపి చూసే ప్రయోగ నమూనాలను) కూడా ఫైలుగా దించుకొని, పెన్‌డ్రైవ్ ద్వారా ప్యానెల్‌లోని బ్రౌజరులో నడపవచ్చు. వాటిలో చాలావాటికి తెలుగు రూపం ఉంది.

మొదటి అడుగు: ఏం చూడాలో ఒక వాక్యంలో రాసుకోవడం

ఎన్.సి.ఇ.ఆర్.టి. 2017లో ప్రాథమిక, ప్రాథమికోన్నత తరగతులకు అభ్యసన ఫలితాలను తరగతివారీగా, సబ్జెక్టువారీగా ప్రకటించింది. అవి ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీరు చెప్పబోయే యూనిట్‌కు సంబంధించిన ఫలితాన్ని అందులోంచి తీసుకొని, దాన్ని ఒక పీరియడ్‌కు సరిపడేంత చిన్నదిగా చేసి, లెసన్ ప్లాన్ పైభాగంలో రాసుకోండి. ‘దశాంశాలను అర్థం చేసుకుంటారు’ అని రాస్తే అది ఎవరూ చూడలేని విషయం. ‘దశాంశ స్థానాల సంఖ్య వేరువేరుగా ఉన్నప్పుడు కూడా ఏది పెద్దదో కారణంతో చెబుతారు’ అని రాస్తే అది ఈ రోజే చూడగలిగినది.

రెండవ అడుగు: తప్పు జవాబుకు కూడా అర్థం ఉండే ప్రశ్నను ఎంచుకోవడం

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే వెచ్చించాలి. ప్రశ్న సరిగా లేకపోతే తర్వాత ఎంత మంచి యాప్ వాడినా ప్రయోజనం ఉండదు. పై ఉదాహరణనే తీసుకొని చూద్దాం.

ఆరో తరగతిలో ‘0.125, 0.35, 0.4లలో ఏది పెద్దది?’ అని అడిగామనుకోండి. అంకెలు ఎక్కువ ఉంటే సంఖ్య పెద్దదని అనుకునే పిల్లలు 0.125 అంటారు, వారు మనకు దొరికిపోతారు. ఇంకొందరు పిల్లలు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఆలోచిస్తారు. పదోవంతులు పెద్ద ముక్కలు, వెయ్యోవంతులు చిన్న ముక్కలు కాబట్టి, బిందువు తర్వాత అంకెలు తక్కువ ఉన్నదే పెద్దదని వారి నమ్మకం. వారు 0.4 అంటారు. అది సరైన జవాబే కనుక మనం టిక్కు పెట్టి ముందుకు పోతాం, వారి పొరపాటు భావన అలాగే ఉండిపోతుంది. అదే ప్రశ్నను ‘0.375, 0.62, 0.4లలో ఏది పెద్దది?’ అని మారిస్తే పరిస్థితి పూర్తిగా మారుతుంది. పొడవు చూసి చెప్పేవారు 0.375 అంటారు, పొట్టిదే పెద్దదని నమ్మేవారు 0.4 అంటారు, స్థానవిలువ తెలిసినవారు 0.62 అంటారు. మూడు జవాబులూ మూడు ఆలోచనలను విడదీసి చూపుతాయి. నాలుగో ఐచ్ఛికంగా ‘నాకు తెలియదు’ అని పెడితే, ఊహించి చెప్పే అవసరం పిల్లలకు తగ్గుతుంది.

ఇలాంటి ప్రశ్నలను ప్రతిసారీ మనమే తయారు చేసుకోనక్కరలేదు. గణితంలో, ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన షెల్ సెంటర్, అమెరికాలోని బర్క్‌లీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కలిసి నడిపిన మ్యాథమెటిక్స్ అసెస్‌మెంట్ ప్రాజెక్టు పాఠాలు ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులకు ఎంతో ఉపయోగపడతాయి. ఒక్కో పాఠానికి ముందు పిల్లలు ఒంటరిగా చేసే చిన్న పని ఉంటుంది. ఉపాధ్యాయుడు దానికి మార్కులు వేయడు, చదివి పెట్టుకుంటాడు. ఆ వయసు పిల్లలు సాధారణంగా చేసే పొరపాట్లు ఒక వరుసలో, ఆ పొరపాటు చేసిన పిల్లవాడిని అడగవలసిన ప్రశ్న దాని ఎదుట మరో వరుసలో పట్టికగా ఇచ్చారు. పాఠమంతా వాడుకోలేకపోయినా ఆ పట్టిక ఒక్కటి చదివితే చాలు, మన ప్రశ్నలు పదునెక్కుతాయి.

విజ్ఞానశాస్త్రంలో యార్క్ విశ్వవిద్యాలయం వారి బెస్ట్ ఎవిడెన్స్ సైన్స్ టీచింగ్ వనరులు ఉన్నాయి. వాటిలో ప్రతి అంశానికి పిల్లల అపోహలను బయటపెట్టే లోప నిర్ధారక ప్రశ్న ఒకటి, ఆ అపోహను సరిదిద్దే కృత్యం ఒకటి జతగా వస్తాయి. ఇంగ్లీషులో ఉన్నాయి కనుక మన పాఠ్యపుస్తకంలోని పారిభాషిక పదాలతో తెలుగులోకి మార్చుకోవాలి, ఉదాహరణలను కూడా మన నేలవిగా మార్చుకోవాలి. కిరణజన్య సంయోగక్రియకు ఉద్దానం పిల్లలను ఇలా అడగవచ్చు: ‘చిన్న జీడిమామిడి మొక్క కొన్నేళ్లకు పెద్ద చెట్టయింది. ఆ చెట్టు కొమ్మ కొట్టి బాగా ఎండబెడితే, మిగిలిన కర్ర బరువులో ఎక్కువ భాగం మొదట ఎక్కడి నుంచి వచ్చింది? నేల నుంచా, వేసిన ఎరువు నుంచా, గాలి నుంచా?’ గాలిలోని కార్బన్ డయాక్సైడు నుంచి అన్నది సరైన జవాబు. సమీకరణాన్ని తప్పు లేకుండా రాసే పిల్లలు కూడా ఇక్కడ నేల అనో ఎరువు అనో అంటారు. సమీకరణం రాయించినంత మాత్రాన ఈ విషయం మనకు ఎన్నటికీ తెలియదు.

చిన్న తరగతుల వారికి అసర్ సర్వే వాడే పఠన, గణిత సాధనాల తెలుగు నమూనాలు చాలు. 2005 నుంచి గ్రామీణ ప్రాంతాల్లో జరుగుతున్న ఆ సర్వేలోని పఠన సాధనంలో అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకొని మొదట పేరా చదివించాలి. తడబడకుండా చదివితే కథకు వెళ్లాలి, చదవలేకపోతే పదాలకు, అదీ కాకపోతే అక్షరాలకు దిగాలి. గణితంలో తీసివేతతో మొదలుపెట్టి, వస్తే భాగహారానికి, రాకపోతే సంఖ్యల గుర్తింపుకు వెళ్లాలి. ఒక్కో పిల్లవాడికి కొద్ది నిమిషాలే పడుతుంది. ఒకే సాధనాన్ని పదేపదే వాడితే పిల్లలు దాన్ని కంఠస్థం చేస్తారు కాబట్టి, రెండోసారి పరిశీలనకు స్టోరీవీవర్ నుంచి అదే స్థాయి కథ తీసుకోండి. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన ఆ వేదికలో తెలుగు కథలు చదివే స్థాయిని బట్టి వర్గీకరించి ఉంటాయి, అచ్చు తీసుకోవడానికి అనుమతి కూడా ఉంది.

దీక్షను చివరగా చెబుతున్నానంటే దాన్ని తక్కువ చేసి కాదు. 2017లో మొదలైన ఈ జాతీయ వేదికకు మన పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడే తలుపు. కెమెరా సరిగా పనిచేయకపోతే కోడ్ కింద ఉన్న ఆరు అక్షరాల సంకేతాన్ని టైపు చేసినా అదే పాఠం తెరుచుకుంటుంది. వీడియోలతో పాటు అభ్యాస ప్రశ్నలూ అందులో ఉంటాయి. ఆ ప్రశ్నల్లో చాలావరకు జ్ఞాపకాన్ని పరీక్షించేవి. వాటిని ఉన్నవి ఉన్నట్టు వాడకుండా, పైన దశాంశాల ప్రశ్నను మార్చినట్టు ఐచ్ఛికాలను మార్చి వాడుకోవాలని నా సలహా.

మూడవ అడుగు: ప్రతి పిల్లవాడి జవాబూ అందేలా చూసుకోవడం

‘అర్థమైందా?’ అంటే తరగతంతా ‘అర్థమైంది సార్’ అంటుంది. చెయ్యెత్తిన నలుగురిని అడిగితే ఆ నలుగురి సంగతే తెలుస్తుంది. వెనక బెంచీ పిల్లల జవాబు కూడా అదే నిమిషంలో మన చేతికి రావాలి.

ఒక్క ఫోనుతో ఆ పని చేసేందుకు ప్లికర్స్ చక్కని మార్గం. దాని వెబ్‌సైటు నుంచి కార్డులు ఉచితంగా అచ్చు తీసుకోవచ్చు. ప్రతి కార్డు మీద ఒక సంఖ్య, నల్లని చతురస్రపు ఆకృతి, నాలుగు వైపులా ఎ, బి, సి, డి అక్షరాలు ఉంటాయి. ఒక్కో సంఖ్యను ఒక్కో పిల్లవాడికి కేటాయించి, మీరు ప్రశ్న చదివాక, తాము ఎంచుకున్న అక్షరం పైకి వచ్చేలా కార్డు పట్టుకోమనాలి. ఫోను కెమెరాను తరగతి మీదుగా మెల్లగా తిప్పితే ఎవరు ఏ జవాబు చెప్పారో తెర మీద కనబడుతుంది. అక్షరాలు చాలా చిన్నవి, ప్రతి కార్డు ఆకృతీ వేరు కనుక పక్కవాడిది చూసి తిప్పడం కుదరదు. కార్డులను మందపాటి కాగితం మీద తీయించండి. మెరిసే లామినేషన్ వేయిస్తే వెలుతురు పడి కెమెరా చదవలేదు. నల్లని భాగం మీద వేళ్లు పడకుండా అంచులు పట్టుకోవడం పిల్లలకు ముందే నేర్పాలి. ఉచిత ఖాతాలో ఒక్కసారికి పెట్టగల ప్రశ్నలకు పరిమితి ఉన్నా, పీరియడ్‌కు రెండు మంచి ప్రశ్నలకు మించి అవసరం రాదు. నెట్ అస్సలు లేని బడిలో ఇదే పని పలకలతో చేయండి: అందరూ రాశాక ఒక్కసారిగా పైకెత్తమంటే సరిపోతుంది.

ఏ పద్ధతిలోనైనా ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఆగడం ముఖ్యం. ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవుగా, కారణాలతో వస్తాయని అమెరికన్ పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపారు. అందుకే వేగానికి అదనపు పాయింట్లు ఇచ్చే క్విజ్ ఆటలంటే నాకు ఇష్టం లేదు. కహూట్ వంటివి వాడితే ఆ అమరికను నిలిపివేసి, గడియారాన్ని వీలైనంత పొడిగించి వాడండి.

తల్లిదండ్రుల ఫోన్లు సాయంత్రం పిల్లలకు దొరికే ఊళ్లలో గూగుల్ ఫారమ్స్ ఉపయోగపడుతుంది. ఫారాన్ని క్విజ్‌గా మార్చి, ప్రతి ప్రశ్నలోనూ తప్పు జవాబు ఇచ్చినవారికి ఒక చిన్న సూచన రాసి ఉంచవచ్చు. జవాబును బట్టి వేరే విభాగానికి పంపే సౌకర్యం కూడా ఉంది: 0.375 అన్న పిల్లవాడు స్థానవిలువ పట్టిక ఉన్న విభాగానికి, 0.62 అన్నవాడు తర్వాతి ప్రశ్నకు వెళతారు. ఇంట్లో ఫోను లేని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వారికి అదే ప్రశ్నలను కాగితం మీద ఇవ్వకుండా ఫారం పంపడం అన్యాయం.

బడి భాష ఇంటి భాష కాని పిల్లల విషయంలో మరో జాగ్రత్త ఉంది. ఇంట్లో సవర భాష మాట్లాడే పిల్లవాడు ప్రశ్నకు తప్పు జవాబిస్తే అది గణితం రాక జరిగిందా, ప్రశ్నలోని తెలుగు అర్థంకాక జరిగిందా అన్నది తేల్చాకే ఏ నిర్ణయమైనా తీసుకోవాలి. ఆ భాష తెలిసిన తోటి విద్యార్థి చేత ప్రశ్నను నోటితో చెప్పించి మళ్లీ అడిగితే సంగతి తెలిసిపోతుంది.

నాలుగవ అడుగు: జవాబులను కుప్పలుగా విడదీయడం

ప్లికర్స్ నివేదికలోగానీ ఫారం జవాబుల షీటులోగానీ మొదట కనిపించేది శాతం. దాన్ని పట్టించుకోకండి. ఏ తప్పును ఎంతమంది చేశారో చూడండి. షీటులో ఒక్కో జవాబుకు ఒక్కో రంగు వచ్చేలా నియమం పెడితే తరగతి పరిస్థితి ఒక్క చూపులో అందుతుంది. పలకలు వాడినవారు హాజరు పట్టీ నకలు మీద రోల్ నంబరు పక్కన ఎ, బి, సి అని గుర్తు పెట్టుకున్నా చాలు.

ఇక్కడ తీసుకునే నిర్ణయాన్ని ప్రశ్న అడగకముందే రాసుకొని ఉండాలి. దాదాపు అందరూ సరిగ్గా చెబితే ముందుకు సాగడం, తరగతి సగానికి సగం చీలితే పక్కపక్కన ఉన్నవారు పరస్పరం కారణాలు చెప్పుకొని మళ్లీ కార్డులు ఎత్తడం, చాలామంది ఒకే తప్పు చేస్తే పాఠాన్ని వేరే దారిలో మళ్లీ చెప్పడం. ముందే రాసుకోనివారు జవాబులు చూసి కూడా అనుకున్న పాఠాన్నే కొనసాగిస్తారు.

ఐదవ అడుగు: పిల్లవాడికి మాట చెప్పడం, అంకె కాదు

నోటుపుస్తకాల మీద మనం పెట్టే సంతకం, తేదీ, పదికి ఆరు అన్న అంకె పిల్లవాడికి తర్వాత ఏం చేయాలో చెప్పవు. 1988లో రూత్ బట్లర్ ఇజ్రాయెల్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారు. మార్కు మాత్రమే అందుకున్నవారిలో ఆ మెరుగుదల రాలేదు, మార్కూ వ్యాఖ్యా కలిపి అందుకున్నవారిలోనూ రాలేదు. మార్కు పక్కన ఉంటే పిల్లల చూపు దాని మీదే నిలుస్తుంది.

కాబట్టి రోజువారీ పనికి వ్యాఖ్య మాత్రమే రాయండి, అది కూడా పిల్లవాడు వెంటనే చేయగల పనిగా ఉండాలి. ఒక పాప 1/4 + 1/2 = 2/6 అని రాసిందనుకోండి. ‘తప్పు, మళ్లీ చెయ్యి’ అంటే ఆమె ఇంకో తప్పు చేస్తుంది. ‘బాగా ప్రయత్నించావు’ అంటే ఏమీ చేయదు. ‘2/6 పెద్దదా, 1/2 పెద్దదా? కాగితపు పట్టీలు మడిచి చూసి, నీకు ఏమి కనిపించిందో కింద రాయమ్మా’ అని రాస్తే, కలిపిన తర్వాత వచ్చినది కలపకముందు ఉన్నదానికంటే చిన్నదైందని ఆమెకే తెలుస్తుంది. అందరి పుస్తకాల్లో ఇంత రాయడం సాధ్యం కాదన్నది నిజమే. కుప్పలుగా విడదీశాం కాబట్టి ఒక్కో కుప్పకు ఒక్క వ్యాఖ్య సరిపోతుంది. దాన్ని బోర్డు మీద రాసి, ఎవరికి ఏది వర్తిస్తుందో పుస్తకంలో అక్షరం వేస్తే చాలు. దూరంగా ఉన్న పిల్లలకు అదే మాటను వాట్సాప్‌లో గొంతు సందేశంగా పంపవచ్చు, చదువురాని తల్లిదండ్రులు కూడా దాన్ని వినగలరు.

ఆరవ అడుగు: మరుసటి పీరియడ్‌ను మార్చడం

వ్యాఖ్య మీద పని చేసేందుకు పీరియడ్ మొదట్లో పది నిమిషాలు కేటాయించాలి, లేకపోతే అది చదవబడని రాతగానే మిగులుతుంది. భిన్నాల దగ్గర ఆగిపోయిన జట్టును ప్యానెల్ దగ్గర ఫెట్ వారి భిన్నాల సిమ్యులేషన్‌తో కూర్చోబెట్టి, మిగతావారికి ఒక మెట్టు పై సమస్య ఇవ్వండి. చదవడంలో వెనకబడినవారికి తరగతిని పక్కనపెట్టి స్థాయిని బట్టి జట్లు కట్టి, ఆ స్థాయి నుంచే చదివించాలి. ఈ జట్లు శాశ్వతం కాకూడదు. కొద్ది వారాలకు ఒకసారి మళ్లీ పరిశీలించి మార్చకపోతే పిల్లలకు అదొక ముద్రగా మిగిలిపోతుంది.

ఏడవ అడుగు: నమోదు, గోప్యత

పై పనుల్లో వచ్చిన కార్డుల నివేదికలు, పిల్లలు సరిదిద్దుకున్న జవాబులు ఎఫ్.ఎ. రికార్డుకు కావలసిన ఆధారాలే. భాగస్వామ్యం, రాతపనుల మార్కులను ఊహించి వేయవలసిన అవసరం ఇక ఉండదు. పిల్లల పూర్తి పేర్లు, ఆధార్, ఫోన్ నంబర్లు, ఫోటోలు ఏ యాప్‌లోనూ ఎక్కించకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగానే గుర్తించి, వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతిని కోరుతుంది. రోల్ నంబరుతోనే పనంతా జరుగుతుంది. మార్కుల జాబితాను తల్లిదండ్రుల గ్రూపులో పెట్టడం మానుకోవాలని గట్టిగా కోరుతున్నాను. వెనకబడిన బిడ్డ తల్లి దాన్ని ఊరందరి మధ్య చూడవలసి వస్తుంది.

ఎనిమిదవ అడుగు: మనం నేర్చుకోవడం, కలిసి దాచుకోవడం

దీక్షలోని నిష్ఠా అనే జాతీయ ఉపాధ్యాయ శిక్షణలో పాఠశాల స్థాయి మూల్యాంకనం మీద మాడ్యూళ్లు ఉన్నాయి. ధ్రువపత్రం కోసం వీడియోలను ముందుకు జరుపుతూ పోకుండా, ఒక్క మాడ్యూల్‌ను ఒక యూనిట్‌తో పాటు చదివి అమలు చేస్తే లాభం. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ సారథ్యంలో భారతీయ ఉపాధ్యాయుల కోసం తయారైన టెస్-ఇండియా వనరులు కూడా ఉచితమే. అవి ఇంగ్లీషుతో పాటు ఒడియాలోనూ ఉన్నాయి కనుక ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా మాధ్యమ ఉపాధ్యాయులు నేరుగా చదువుకోవచ్చు.

తెలుగులో తప్పు జవాబుకు అర్థం ఉండే ప్రశ్నలు తక్కువగా ఉన్నాయి, ఆ లోటును తీర్చవలసింది తరగతిలో ఉన్న మనమే. స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి వచ్చే ప్రతి సబ్జెక్టు ఉపాధ్యాయుడూ తాను ఆ మధ్యలో అడిగిన ఒక్క ప్రశ్నను, పిల్లలు ఇచ్చిన తప్పు జవాబులతో సహా తీసుకురావచ్చు. అందరికీ తెరుచుకునే ఒక గూగుల్ షీటు పెట్టి, అందులో తరగతి, అభ్యసన ఫలితం, ప్రశ్న, ఒక్కో ఐచ్ఛికం వెనక ఉన్న ఆలోచన, ఆ కుప్పకు మీరు చేసిన పని, దాని ఫలితం అన్న నిలువు వరుసలు ఉంచండి. పిల్లల పేర్లు, బడి పేరు అందులో రాయకండి. శ్రీకాకుళం జిల్లాలో వమరవల్లిలోని జిల్లా విద్యా శిక్షణ సంస్థ అయిన డైట్‌లో శిక్షణ పొందుతున్న ఛాత్రోపాధ్యాయులు బడికి బోధనాభ్యాసానికి వచ్చినప్పుడు ఆ షీటును వారికి ఇచ్చి, అందులోంచి ఒక ప్రశ్నను తమ తరగతిలో అడిగి, వచ్చిన జవాబులను కొత్త అడ్డు వరుసగా చేర్చమని చెప్పండి.